సెంటర్లో గది: అద్దె కాగితం, కొనుగోలు, కులం

దళితుల ఆర్థిక సమస్య అనగానే మన చర్చలు భూమి దగ్గర మొదలై, కూలి రేట్ల మీదుగా నడిచి, రిజర్వేషన్ ఉద్యోగం దగ్గర ఆగుతాయి. అంగడి మన చర్చల్లోకి రావడమే తక్కువ. వచ్చినా "పెట్టుబడి ఏదీ?" అన్న ఒక్క మాటతో ముగిసిపోతుంది. పెట్టుబడి లేకపోవడం నిజమే. అయితే రుణం మంజూరై, కుట్టు మిషన్లో, జిరాక్స్ మిషనో చేతికొచ్చిన తర్వాత కూడా వ్యాపారం మొదలుకాని సందర్భాలు మనందరికీ తెలుసు. వాటిని పెట్టుకోవడానికి నాలుగు గోడలూ ఒక షట్టరూ దొరకలేదు. 2001 జనగణన ప్రకారం దేశ జనాభాలో ఎస్సీలు 16.2 శాతం, 2005 ఆర్థిక గణనలో ఎస్సీల చేతిలో ఉన్న వ్యాపార సంస్థలు 9.8 శాతం. ఈ తేడాను పెట్టుబడి ఒక్కటే వివరించదు.

ఊరి నిర్మాణం చూస్తే సగం సంగతి అర్థమవుతుంది. వాడ ఊరికి ఓ పక్కన ఉంటుంది. షాపు వాడలో పెడితే గిరాకీ కూడా వాడదే. కూలి దొరికిన వారం అమ్మకం, దొరకని వారం అరువు. గిరాకీ ఉండేది బస్టాండు సెంటర్లో, మండలాఫీసు ఎదుట, హైస్కూలు రోడ్డులో. ఆ మడిగెలు ఎవరివి? చాలాచోట్ల పొలాలు ఎవరివో మడిగెలూ వాళ్ళవే. పొలంలో మిగిలిన డబ్బే రోడ్డు పక్కన షట్టర్ల వరసగా లేచింది. దాంతో పొలం పని వదిలించుకుని వ్యాపారంలోకి పోదామనుకున్న దళితుడు మళ్ళీ అదే ఆసామి గుమ్మం ముందు నిలబడాల్సి వస్తోంది, ఈసారి కిరాయిదారుగా. 2021లో తెలంగాణలో దళితబంధు కింద కుటుంబానికి 10 లక్షలు ఇచ్చినప్పుడు చాలామంది ట్రాక్టర్లూ కార్లూ ఎంచుకున్నారని కొందరు వెక్కిరించారు. ట్రాక్టరుకు ఓనరు దగ్గర గది అద్దెకు అడగనక్కర్లేదన్న సంగతి ఆ వెక్కిరించినవాళ్ళకు తట్టలేదు.

గది లేదని ఎవరూ కులం పేరు పెట్టి చెప్పరు. "మా బావమరిది ముందే అడిగాడు" అంటారు. "హోటలైతే ఇవ్వం, నీసు వండుతారు" అంటారు. "మీరెవరు బాబూ, ఎవరి తాలూకు?" అని అడిగి, జవాబు విన్నాక "కబురు చేస్తాంలే" అంటారు. ఆ కబురు రాదు. ఒకవేళ ఇచ్చినా పక్క మడిగెకు రెండు నెలల అడ్వాన్సయితే మనకు ఆరు నెలలది. టిఫిన్ సెంటరు పెడతామంటే మరీ కష్టం. మన కోసం వేరే గ్లాసు పెట్టిన ఊరు మన చేతి ఇడ్లీ తింటుందా అని ఓనరే ముందుగా లెక్కేసుకుంటాడు. ఆ లెక్క ఒక్కోసారి తప్పుతుంది, బేరం బాగానే సాగుతుంది. అప్పుడు ఇంకో సమస్య మొదలవుతుంది: "మాకే గది కావాలి, ఖాళీ చెయ్యండి."

అంబేడ్కర్ కొలంబియాలో చదివి 1917లో బరోడా సంస్థానం కొలువుకు వస్తే ఉండటానికి చోటు దొరకలేదు. పార్సీ పేరుతో పార్సీ సత్రంలో దిగితే, కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. చదువు, ఉద్యోగం రెండూ ఉన్నా గది విషయంలో అవి పనికిరాలేదు. గది అనేది కులం అడ్డంగా నిలబడే గుమ్మం అన్న సంగతి మనకు కొత్తగా తెలిసిందేమీ కాదు. 2015లో సుఖదేవ్ థోరాట్, ఆయన సహచరులు ఢిల్లీ పరిసరాల్లో ఇళ్ళ అద్దెల మీద అచ్చువేసిన పరిశోధన కూడా దళితులకూ, అంతకన్నా ఎక్కువగా ముస్లింలకూ ఎలా తలుపు మూసుకుంటుందో చూపించింది.

ఈ వ్యాసంలో మేము నైతిక వాదన చెయ్యబోవడం లేదు. చట్టంలో ఉన్నదేమిటి, లేనిదేమిటి అన్నదే చూడదలిచాం. మనవాళ్ళకు గది ఇచ్చేటప్పుడు ఓనర్లు సాధారణంగా కాగితం రాయరు. "మన మధ్య కాగితాలెందుకు, మాట చాలదా" అంటారు. మనం కూడా ఇచ్చాడు, అదే చాలు అనుకుంటాం. మాట మీద వచ్చిన గది మాట మీదే పోతుంది. అంతకంటే ముఖ్యం, కులం వల్లే గది పోయిందని నిరూపించడానికి కావలసిన సాక్ష్యం కూడా ఆ కాగితంతోనే పోతుంది.

అద్దెకు సంబంధించిన మూల చట్టం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అందులో సెక్షన్ 107 ప్రకారం సంవత్సరానికి మించిన లీజును రిజిస్టరు చేసిన దస్తావేజు ద్వారానే ఇవ్వాలి. అంతకు తక్కువైతే నోటిమాట మీద ఇచ్చి గది అప్పగించినా లీజే. కాబట్టి కాగితం లేని కిరాయిదారు చట్టం దృష్టిలో దొంగేమీ కాదు, కిరాయిదారే. అయితే ఎలాంటి కిరాయిదారు? సెక్షన్ 106 చెప్పేది అక్కడ పనికొస్తుంది. వేరే ఒప్పందం లేనప్పుడు షాపు గది లీజు నెలనెలా సాగే లీజు. దాన్ని రద్దు చెయ్యడానికి 15 రోజుల నోటీసు చాలు. పదేళ్ళ నుంచి ఉన్నా సరే, షట్టరుకీ అరలకీ రంగులకీ లక్ష రూపాయలు పెట్టినా సరే, చేతిలో ఉన్న రక్షణ పదిహేను రోజులు. మన యువకులు అప్పు తెచ్చి ఫర్నిచరు బిగించే ముందు ఈ సంఖ్యను గోడ మీద రాసుకోవాలి.

ఇక పదకొండు నెలల అగ్రిమెంటు సంగతి. వంద రూపాయల స్టాంపు కాగితం మీద పదకొండు నెలలకు రాసి, నోటరీ ముద్ర వేయిస్తే పని అయిపోయిందని అందరూ అనుకుంటారు. దస్తావేజు లేఖరులు కూడా అదే చెప్తారు. సంవత్సరం దాటకపోతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్నది 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం మిగతా రాష్ట్రాల్లో నడిచే మాట. మన దగ్గర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ చట్టం సెక్షన్ 17ను సవరించింది. 1999 ఏప్రిల్ 1 నుంచి, కాలం ఎంతైనా సరే, కాగితం మీద రాసుకున్న ప్రతి స్థిరాస్తి లీజునూ రిజిస్టరు చెయ్యాలి. చెయ్యకపోతే సెక్షన్ 49 ప్రకారం ఆ కాగితంలోని షరతులకు కోర్టులో సాక్ష్యం విలువ ఉండదు. గదిలో మనం ఏ హోదాలో ఉన్నామో చూపించడం లాంటి చిన్న అనుబంధ విషయానికి మాత్రం పనికొస్తుంది. దానికైనా 1899 స్టాంపు చట్టం ప్రకారం తక్కువైన స్టాంపు సుంకమూ జరిమానా కట్టాలి. అంటే అగ్రిమెంటులో "మూడేళ్ళ దాకా ఖాళీ చేయించను" అని ఓనరు సంతకం పెట్టినా, రిజిస్టరు కాకపోతే ఆ వాక్యం మీద నిలబడలేం. నోటరీ చేసేది సంతకం ఎవరిదో ధ్రువీకరించడం. అది రిజిస్ట్రేషన్‌కు బదులు కాదు. రెండింటికీ తేడా తెలియక నష్టపోయినవాళ్ళలో డిగ్రీలు చదివినవాళ్ళూ ఉన్నారు.

ఓనర్లు రిజిస్ట్రేషన్‌కు ఒప్పుకోరన్నది నిజం. ఆదాయం బయటపడుతుందని భయం, కిరాయిదారు పాతుకుపోతాడని భయం. మనవాళ్ళ విషయంలో ఇంకో భయం కూడా ఉంటుంది: సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో మన పక్కన నిలబడి సంతకం పెట్టాలి. బేరం దగ్గర మన వ్యూహం ఒకటే. రిజిస్ట్రేషన్ ఖర్చు మనమే పెట్టుకుంటాం, స్టాంపు సుంకం మనమే కడతాం, మూడేళ్ళ కాగితం కావాలి అని గట్టిగా అడగాలి. ఆ ఖర్చు లీజు కాలాన్నీ అద్దెనీ బట్టి మారుతుంది. షోకేసు అద్దాలకు పెట్టే డబ్బు కంటే ముందు దీనికి పక్కన పెట్టుకోవాలి.

అద్దె నియంత్రణ చట్టం ఉందిగా అంటారు. 1960 నాటి భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టం పాత కిరాయిదారులకు నిజంగానే అండ. దాని కింద ఉన్న గదిని ఊరికే ఖాళీ చేయించలేరు. కావాలని అద్దె ఎగ్గొట్టడం, అనుమతి లేకుండా వేరేవాళ్ళకు ఇవ్వడం, ఓనరుకు సొంతానికి నిజంగా అవసరం కావడం లాంటి కారణాలు రెంట్ కంట్రోలర్ ముందు రుజువు చెయ్యాలి. అయితే 2005 సవరణ తర్వాత మున్సిపల్ కార్పొరేషన్లలో నెలకు 3,500, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన అద్దెలకు ఆ చట్టం వర్తించదు. కట్టి 15 ఏళ్ళు నిండని భవనాలకూ వర్తించదు. సెంటర్లో మూడున్నర వేలకు మడిగె ఎక్కడుంది? పాత బజారు సందుల్లో తాతల నాటి కిరాయిదారులకే అది మిగిలింది. వాళ్ళలో మనవాళ్ళు ఎంతమందో చెప్పనక్కర్లేదు. 2017లో ఆంధ్రప్రదేశ్ నివాస, నివాసేతర ప్రాంగణాల కిరాయిదారీ మీద వేరే చట్టం చేసింది. అక్కడివాళ్ళు వకీలును ఆ చట్టం ప్రకారమే అడగాలి. 1960 చట్టం కింద ఉన్నవాళ్ళు ఒక ఎత్తు గుర్తుంచుకోవాలి. ఖాళీ చేయించాలనుకున్న ఓనరు అద్దె తీసుకోవడం మానేస్తాడు, తర్వాత "ఎగ్గొట్టాడు" అని కేసు వేస్తాడు. అలా తీసుకోకపోతే ఏ బ్యాంకులో వెయ్యాలో చెప్పమని నోటీసివ్వాలి, చెప్పకపోతే మనియార్డరు చెయ్యాలి, అదీ తిప్పి పంపితే కంట్రోలర్ దగ్గర జమ చెయ్యాలి. సెక్షన్ 8 దారి ఇదే. ఆ చట్టం కిందకు రానివాళ్ళు కూడా అద్దెను చేతికివ్వకుండా ఫోన్ ద్వారానో బ్యాంకు ద్వారానో పంపుతూ, ఏ నెల అద్దెో రాసి పెట్టుకోవడం మంచిది.

ఒక తెల్లవారి వెళ్ళేసరికి షట్టరుకు ఓనరు తాళం వేసి ఉందనుకుందాం. సరుకు లోపల, మనం బయట. ఇలాంటప్పుడు పెద్దమనుషుల దగ్గరికి పరిగెత్తి నెలలు పోగొట్టుకుంటాం. 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో సెక్షన్ 6 ఉంది. చట్టబద్ధమైన పద్ధతిలో కాకుండా బలవంతంగా స్వాధీనం లాక్కుంటే, హక్కు ఎవరిదన్న ప్రశ్నతో పనిలేకుండా తిరిగి స్వాధీనం ఇప్పించమని దావా వెయ్యొచ్చు. కాగితం లేనివాళ్ళకు కూడా ఇది పనికొస్తుంది. కానీ ఆరు నెలల లోపల వెయ్యాలి. ఆ లోపల పంచాయితీ చేద్దాం, పండగ పోనీ అన్న పెద్దమనిషి మాట వింటే ఆ తలుపు మూసుకుంటుంది. అక్కడ మనం ఉన్నామని చూపించడానికి కరెంటు బిల్లు, లైసెన్సు, సరుకు రసీదులు, బోర్డు ముందు దిగిన ఫొటో ఏదైనా సాక్ష్యమే.

కాగితం రాయించేటప్పుడు ఏం చూడాలి? ఇచ్చేవాడు అసలు ఓనరేనా అన్నది మొదటిది. అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తిలో ఒక్కడి సంతకం తీసుకుంటే రేపు రెండోవాడు వస్తాడు. ఈసీ తీయించి తనఖా ఉందేమో చూడాలి. బ్యాంకుకు తనఖా పెట్టిన భవనాన్ని 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు స్వాధీనం చేసుకుంటే రిజిస్టరు లీజు లేని కిరాయిదారు నిలబడటం చాలా కష్టం. ఓనరు గది అమ్మేస్తే మాత్రం భయపడనక్కర్లేదు. సెక్షన్ 109 ప్రకారం కొన్నవాడు ఓనరు స్థానంలోకి వస్తాడు, లీజు కొనసాగుతుంది. అద్దె ఎప్పుడు, ఎంత పెరుగుతుందో శాతంతో రాయాలి. "మార్కెట్టును బట్టి" అని రాస్తే ఓనరు నోటిని బట్టి అని అర్థం. అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసిన ఎన్ని రోజుల్లో తిరిగిస్తాడు అన్నది రాయాలి. మనం బిగించిన అరలు, ఏసీ, బోర్డు ఖాళీ చేసేటప్పుడు తీసుకుపోవచ్చని రాయాలి. గదిలో ఏ వ్యాపారమో స్పష్టంగా పేర్కొనాలి. కోడి మాంసమో బిర్యానీయో అమ్మేవాళ్ళు ఆ మాటే రాయించుకోవాలి, "హోటల్" అని వదిలేస్తే రెండో నెలలో నీసు పేచీ వస్తుంది. జీఎస్టీ వర్తించే చోట షాపు అద్దె మీద 18 శాతం ఎవరి నెత్తిన పడుతుందో ముందే తేల్చుకోవాలి. హైదరాబాదులో "గుడ్‌విల్" అనీ "పగిడీ" అనీ పాత కిరాయిదారుకు చేతికిచ్చే డబ్బుకు ఓనరు సంతకం లేకపోతే దాన్ని పోయినట్టే లెక్కేసుకోవాలి.

కరెంటు మీటరు చిన్న విషయంలా కనిపిస్తుంది. ఇంటి ముందు గదిని షాపుగా ఇచ్చేవాళ్ళు గృహ వినియోగం మీటరే కొనసాగిస్తారు. తనిఖీలో పట్టుబడితే 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద అనధికార వాడకంగా లెక్కగట్టి రెట్టింపు రేటు వేస్తారు. బిల్లు ఓనరు పేర వచ్చినా కట్టేది మనమే అవుతుంది. మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు, షాపుల చట్టం రిజిస్ట్రేషన్, జీఎస్టీ నంబరు, బ్యాంకు రుణం, వీటన్నిటికీ గది కాగితమే మొదటి జత. కాగితం లేని వ్యాపారం బ్యాంకు దృష్టిలో వ్యాపారమే కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. దళితుడన్న కారణంతో గది ఇవ్వకపోతే నేరమా? 1955 పౌర హక్కుల పరిరక్షణ చట్టం సెక్షన్ 4 జాగ్రత్తగా చదవాలి. అంటరానితనం కారణంగా ఏ ప్రాంతంలోనైనా నివాస స్థలం కట్టుకోకుండా, పొందకుండా, ఉండకుండా అడ్డుకోవడం నేరం అంటుంది. "నివాస" అన్న మాట ఉంది, అంగడి అన్న మాట లేదు. అయితే అదే సెక్షన్‌లో వృత్తి, వ్యాపారం చేసుకోవడంలో ఆటంకం కల్పించడం కూడా నేరమని ఉంది. షాపు గదికి మనం పట్టుకోవలసిన కొస అదే. బాధితుడు ఎస్సీ అయితే, ఆ పని అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు ముందుగా భావించాలని సెక్షన్ 12 అంటుంది. అది మనకు పెద్ద బలం. శిక్ష మాత్రం చిన్నది: నెల నుంచి ఆరు నెలల జైలు, నూటి నుంచి ఐదు వందల దాకా జరిమానా.

1989 అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు, 2016 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చింది. ఇందులో వ్యాపారం చేసుకోకుండా అడ్డుకోవడం, సాంఘిక లేదా ఆర్థిక బహిష్కరణ విధించడం, దానితో బెదిరించడం నేరాలు. ఆర్థిక బహిష్కరణ నిర్వచనం మన కార్యకర్తలు కంఠతా పట్టదగింది. వ్యాపార లావాదేవీకి నిరాకరించడం ఒక్కటే కాదు, మామూలు వ్యాపారంలో అందరితో ఏ షరతుల మీద నడుపుతారో ఆ షరతుల మీద మనతో నడపడానికి నిరాకరించడం కూడా అందులోకి వస్తుంది. పక్క మడిగెకు రెండు నెలల అడ్వాన్సు, మనకు ఆరు నెలలది అన్న చోట ఈ నిర్వచనం మాట్లాడుతుంది. కానీ మాట్లాడాలంటే పక్క మడిగె షరతులేమిటో, మనకు చెప్పిన షరతులేమిటో రెండూ రుజువు కావాలి. కాగితం ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఇక్కడుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు, ఆస్తి తగాదాలో ఒక పక్షం ఎస్సీ అయినంత మాత్రాన ఈ చట్టం వర్తించదనీ, కులం కారణంగానే ఆ పని జరిగినట్టు ఉండాలనీ చెప్పింది. అద్దె బాకీ గొడవకు అట్రాసిటీ కేసు పెడితే నిలవదు, నిజమైన కేసులకు కూడా చెడ్డపేరు తెస్తుంది. గది ఖాళీగా ఉన్నట్టు బోర్డు ఫొటో, ఫోన్ సందేశాలు, మన తర్వాత అదే గదిని అదే వారం తక్కువ అడ్వాన్సుకు తీసుకున్నవారి వివరం, ఇలాంటివి పోగుచేసుకుని ఫిర్యాదు చెయ్యాలి. ఈ కేసులను డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చెయ్యాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవారినే ఎస్సీలుగా గుర్తిస్తుంది. కనుక దళిత క్రైస్తవులకు 1989 చట్టం తలుపు తెరుచుకోవడం కష్టం. 1955 చట్టం సెక్షన్ 4 మాత్రం "ఎవరినైనా" అంటరానితనం కారణంగా అడ్డుకోవడం గురించి మాట్లాడుతుంది. వాళ్ళకు సెక్షన్ 12 బలం ఉండదు గానీ దారి ఉంది.

ప్రైవేటు ఓనరు మీదే ఆధారపడనక్కర్లేని చోట్లూ ఉన్నాయి. మున్సిపల్, పంచాయతీ కాంప్లెక్సుల్లో ఎస్సీ, ఎస్టీలకు కొన్ని గదులు కేటాయించే పద్ధతి ఉంది. కేటాయింపు మన పేరు మీద, వ్యాపారం ఇంకొకరిది అన్నది అక్కడ పాత రోగం. కాంప్లెక్సులో ఏ గది ఎవరి పేర, ఏ కోటాలో, ఎంత అద్దెకు, ఎప్పటిదాకా ఉందో సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. గ్రామ పంచాయతీలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. విద్యార్థి సంఘాలు ఒక్కో పట్టణంలో ఈ ఒక్క పని చేసినా చాలా బయటపడుతుంది. దేవాదాయ శాఖ షాపుల విషయంలో 2015 నాటి జీవో 426 ఆంధ్రప్రదేశ్‌లో హిందువులు కానివారిని పక్కన పెట్టింది. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు మతం కారణంగా వేలం నుంచి తప్పించకూడదని చెప్పింది. 2021లో తెలంగాణ మద్యం దుకాణాల లైసెన్సుల్లో గౌడలకు 15, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం ఇచ్చింది. లైసెన్సు లాటరీలో వస్తుంది, గది మాత్రం లాటరీలో రాదు.

కొనే స్తోమత ఉన్నవాళ్ళకు రెండు మాటలు. రోడ్డు పక్క గది చవగ్గా వస్తోందంటే ముందు అనుమానించాలి. అది అసైన్డు భూమి కావచ్చు. డి-పట్టా, లావణీ పట్టా అని పిలిచే ఈ భూముల బదిలీని 1977 చట్టం నిషేధించింది. అమ్మకం చెల్లదు, ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. 2023లో ఆంధ్రప్రదేశ్ 20 ఏళ్ళు నిండిన అసైన్డు భూములను అమ్ముకునే వీలిస్తూ సవరణ చేసింది. ఏ రాష్ట్రంలోనైనా రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూడకుండా బయానా ఇవ్వకూడదు. ఇందులో ఇంకో విషాదం ఉంది. ఆ అసైన్డు భూమి చాలాసార్లు మన పెద్దలకు ఇచ్చిందే. రోడ్డు పడ్డాక విలువ పెరిగి, తెల్లకాగితం మీద చేతులు మారి, ఇప్పుడు దాని మీద లేచిన మడిగెను మనమే అద్దెకు అడుగుతున్నాం. అలాంటి చోట ఆ పాత పట్టా పాసుపుస్తకం ఇంట్లో ఉంటే పారెయ్యకండి. తహశీల్దారు దగ్గర ఆ భూమి చరిత్ర తీయించండి.

అమ్మేవాడు జీపీఏ మీద, అగ్రిమెంటు మీద ఇస్తానంటే 2011లో సూరజ్ ల్యాంప్ కేసు తీర్పు గుర్తుంచుకోవాలి: రిజిస్టరైన అమ్మకపు దస్తావేజు లేకుండా హక్కు రాదు. ముప్పై ఏళ్ళ ఈసీ, లింకు దస్తావేజులు, ప్లాను అనుమతి, ఆస్తిపన్ను బాకీ లేని రసీదు చూడాలి. గ్రామకంఠం గదులకు ఈసీలో చాలాసార్లు ఏమీ దొరకదు. అక్కడ పంచాయతీ ఇంటిపన్ను రికార్డు, ఇరుగుపొరుగు హద్దులు చూసుకుని, లోపల ఇప్పుడు ఎవరున్నారో ఒకటికి రెండుసార్లు వెళ్ళి కళ్ళారా చూసిన తర్వాతే డబ్బు చెయ్యి దాటించాలి. రిజిస్ట్రేషన్ అయిన వారంలోనే పన్ను రికార్డులోనూ కరెంటు కనెక్షన్ మీదా పేరు మార్పించుకోవాలి.